ముక్కు లేని వానాకాలం

ఆ వానాకాలం నాకు ముక్కు లేదు. అంటే, ఉన్నచోటే ఉంది. అద్దంలో కనిపిస్తూనే ఉంది. పైగా ఎర్రగా వాచి మామూలుకన్నా పెద్దదిగానే కనిపించేది. కానీ దాంట్లోంచి గాలి పోదు, వాసన రాదు. కళ్లజోడు నిలబెట్టుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాలేదు.

ఇంకెవరికైనా అయితే దీన్ని పడిశం అంటారు. మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని నవ్వుకుని ఊరుకుంటారు. మా ఇంట్లో అలా కుదరదు. మాది సబ్బులు చేసే ఇల్లు. కింద పని, పైన కాపురం. అక్క, బావ, నేను. నూనెలు కరిగించి, కాస్టిక్ నీళ్లు పోసి, తొట్టిలో తెడ్డుతో తిప్పడం అక్క పని. సరుకు బండి మీద వేసుకుని ఊరంతా తిరగడం బావ పని. తొట్టిలో మిశ్రమం చిక్కబడే ఆ కాస్త సమయంలో నాలుగు సీసాలు ఒకదాని తర్వాత ఒకటి వంచడం నా పని. నారింజ, నిమ్మగడ్డి, దేవదారు, చివర లవంగం. అంతకుమించి నాకు ఈ ఇంట్లో వేరే పని లేదు, వేరే పని రాదు కూడా.

ఆ నాలుగూ ఎంతెంత పోయాలో కొలత లేదు. అమ్మ మొదలుపెట్టిన పని ఇది, అమ్మ ఎప్పుడూ కొలవలేదు. తొట్టి మీదికి వంగి, కళ్లు మూసుకుని సీసా వంచేది. చాలు అనిపించగానే ఎత్తేసేది. ఆ ‘చాలు’ ఎక్కడుందో ఆవిడ ముక్కుకి తెలుసు. ఆవిడ తర్వాత నా ముక్కుకి తెలుసు. పదేళ్లప్పుడు నన్ను పీట ఎక్కించి పక్కన నిలబెట్టుకుని, “ఇదిగో, ఇప్పుడు పట్టుకో వాసన, మర్చిపోకు” అనేది. వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి “ఇది నా ముక్కు” అని చెప్పుకునేది. బావ ఆ మాట పట్టుకుని నాకు ‘ముక్కుగారు’ అని పేరు పెట్టాడు. కోపం కూడా అక్కడే ఉంటుంది కాబట్టి పేరు బాగా అతికింది.

అక్కకి పుట్టుకతోనే వాసన తెలియదు. పాలు విరిగినా తెలియదు, గుడ్డు కుళ్లినా తెలియదు. చిన్నప్పుడు అది నాకు పెద్ద తమాషా. చచ్చిన బల్లిని కాగితంలో చుట్టి దాని ముక్కు కింద పెట్టి “ఏం పువ్వో చెప్పు” అనేదాన్ని. అది బుద్ధిగా పీల్చి “మల్లె” అనేది. అమ్మ నన్ను కొట్టింది కానీ, నవ్వు ఆపుకుంటూ కొట్టింది.

అమ్మ పోయి మూడేళ్లయింది. ఆవిడ చేతులు, జుట్టు, పక్కబట్టలు అన్నీ ఆ నాలుగు సీసాల వాసనే వేసేవి. ఆవిడ పోయాక నేను తొట్టి మీదికి వంగినప్పుడల్లా ఆవిడ వచ్చేది. వారానికి ఒకసారి, నాలుగైదు నిమిషాలు. సబ్బు గట్టిపడితే వెళ్లిపోయేది. నాకు మిగిలిన అమ్మ అంతే. ఆ కాస్త కోసం మిగతా వారమంతా గడిపేదాన్ని. ఆ వానాకాలం అదీ పోయింది.

మొదటి వాన పడిన వారంలోనే తుమ్ములు మొదలయ్యాయి. తర్వాత ముక్కు దిబ్బడ. రాత్రి నోరు తెరుచుకుని పడుకుంటే పొద్దున్నకి నాలుక అట్టముక్క అయ్యేది. వీధి చివర మందుల కొట్టతను చిన్న సీసా చేతిలో పెట్టి, “రెండేసి చుక్కలు వెయ్యండి, మూడు రోజులు చాలు” అన్నాడు. వేసుకున్న రెండు నిమిషాలకి ముక్కు ఫట్‌మని తెరుచుకుంది. ఆ సుఖం చెప్పలేను. తడిసిన గోడ, పక్కింటి వంట, బావ తలనూనె, అన్నీ ఒక్కసారి లోపలికి వచ్చాయి. మూడు రోజులకి ఆపేస్తే మళ్లీ మూసుకుపోయింది. మళ్లీ వేశాను. పూటకి ఒకసారి వేసేదల్లా గంటగంటకీ అయింది. సీసా నా ఏప్రన్ జేబులో ఉండేది. అది అయిపోకముందే ఇంకోటి తెచ్చి పెట్టుకునేదాన్ని. ఒకే కొట్టులో అడిగితే బాగుండదని రెండు వీధుల అవతలికి కూడా పోయాను.

నెల తిరిగేసరికి చుక్కలు వేసినా గాలి మాత్రమే వచ్చేది, అది కూడా కాసేపే. వాసన రావడం మానేసింది. నేను ఎవరికీ చెప్పలేదు. ముక్కుగారికి ముక్కు లేదని తెలిస్తే ఇంకేముంది? చెయ్యి అలవాటు మీద రెండు తొట్లు లాగించాను. కళ్లు మూసుకున్నాను, తల పంకించాను, “ఊఁ, వచ్చింది” అన్నాను. అమ్మ రాలేదు. తొట్టి మీద వంగితే కాస్టిక్ ఆవిరికి కళ్లు మండడం తప్ప ఏమీ లేదు. కళ్లు తుడుచుకుంటూ, అదృష్టం, ఏడుపు కనపడదు అనుకున్నాను.

మూడో తొట్టి గెస్ట్ హౌస్ వాళ్లది. అమ్మకి మొదటి నుంచీ ఉన్న ఖాతా. నూరు గదులు. ఏటా వానలు వెళ్లగానే వాళ్లకి జనం మొదలవుతారు. మొదటి గదిలో మనిషి దిగేసరికి మా సబ్బు అక్కడ ఉండాలి. కోసిన సబ్బు ఆరడానికి ఆరు వారాలు పడుతుంది కాబట్టి వాళ్ల తొట్టి వానల్లోనే పొయ్యాలి.

ఆ రోజు నారింజ, నిమ్మగడ్డి, దేవదారు చేతి అలవాటుతో పోసేశాను. లవంగం దగ్గర నాకు మొండితనం వచ్చింది. నాలుగింటిలో ఘాటైనది అదే. ఇదైనా తగలదా అనుకున్నాను. సీసా వంచి, వంగి, పీల్చాను. లేదు. ఇంకాస్త వంచాను. లేదు. అక్క తెడ్డు తిప్పుతూ తల ఎత్తింది.

“చాలేమోనే.”

“నీకేం తెలుసు? తిప్పు.”

ఇంకా పోశాను. అమ్మా, ఒక్కసారి రా, అని మనసులో అనుకుంటూ పోశాను. అది నిజం, అందుకే రాస్తున్నాను. లవంగ నూనెకి ఒక గుణం ఉంది. ఎక్కువైతే సబ్బుని ఉన్నపళంగా గట్టిపరుస్తుంది. ఈ పని చేసేవాళ్లకి ఇది మొదటి పాఠం. నేను సీసా ఎత్తేలోపే తెడ్డు బరువెక్కింది. అక్క రెండు చేతులతో లాగింది, మూడోసారి లాగలేకపోయింది. చెయ్యి వదిలేస్తే తెడ్డు తొట్టి మధ్యలో నిటారుగా నిలబడిపోయింది.

సరిగ్గా అప్పుడే బావ వీధిలోంచి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చాడు. “ఏమిటమ్మా ఇది! మలుపు దగ్గర నుంచే కొడుతోంది లవంగం. సబ్బులు మానేసి పళ్ల డాక్టరు కొట్టు పెట్టారా?”

నేను గబగబా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. అక్క నావైపే చూస్తోంది.

“నీకు వాసన రావట్లేదు కదూ?” అంది.

“ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పక్కర్లేదు. బావ ముక్కు మూసుకున్నాక నువ్వు మూసుకున్నావు. పుట్టినప్పటినుంచీ నేను చేస్తున్నదదే. నాకు తెలీదా?”

అక్క నా ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టి సీసా బయటికి తీసింది. తర్వాత పైకి వెళ్లి నా మంచం కింద వెతికి మిగతావి తెచ్చింది. బావ పలుగు తెచ్చి తొట్టిలో సబ్బు పగలగొట్టడం మొదలుపెట్టాడు. ఒక్క మాట అనలేదు. అతను హాస్యం ఆడకపోతేనే నాకు భయం.

మర్నాడు అక్క నన్ను చెవి-ముక్కు-గొంతు డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. ఆవిడ నా ముక్కులో దీపం పెట్టి చూసి, అటూ ఇటూ తిప్పి చూసి, “ఏం వాడుతున్నారు?” అంది. నేను అక్క కంటపడకుండా దాచుకున్న సీసా ఒకటి జేబులోంచి తీసి పెట్టాను. అక్క సంచీ తెరిచి పదకొండు ఖాళీ సీసాలు బల్ల మీద వరసగా పేర్చింది.

డాక్టరమ్మ వాటిని చూసి కళ్లజోడు తీసేసింది. “ఇది మూడు రోజుల మందు.”

“మూడు రోజులు వేసి ఆపేశానండి. మళ్లీ మూసుకుపోయింది.”

“మూసుకోదూ మరి! మొదట మీ ముక్కుని వాచేలా చేసింది వాన తేమో, ధూళో, మీ కాస్టిక్ ఆవిరో, ఏదో ఒకటి. అది ఎప్పుడో పోయి ఉంటుంది. ఇప్పుడు మూస్తున్నది ఈ సీసా. వేసుకుంటే తగ్గుతుంది, తగ్గాక ఇంతకింత వాస్తుంది. మళ్లీ వేసుకుంటారు. ముక్కుకి మీరు తాగుడు అలవాటు చేశారు.”

అక్క నావైపు చూసింది. నేను గోడ మీద చెవి బొమ్మ చూశాను.

“ఆపేస్తే?” అని అడిగాను.

“మొదట్లో ఇంకా ఘోరంగా ఉంటుంది. రెండువైపులా ఒకేసారి ఆపితే ఉండలేరు. ముందు కుడివైపు ఆపండి. ఎడమవైపుకి మాత్రం చుక్కలు వేసుకోండి. కుడివైపు దానంతట అది తెరుచుకున్నాక ఎడమవైపు కూడా ఆపెయ్యండి. వాపు తీసే స్ప్రే రాస్తున్నాను, రెండువైపులా రోజూ కొట్టుకోండి. కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కలిపి కడగండి.”

“వాసన ఎప్పుడొస్తుందండీ?”

“ముందు గాలి రానివ్వండి. వాసన దాని వెనకాల వస్తుంది.”

“కచ్చితంగా వస్తుందా?”

“చాలామందికి వస్తుంది,” అంది. ఆ ‘చాలామంది’ నా గుండెలో కూర్చుంది. ఇంటికి వచ్చేదాకా దిగలేదు.

ఆ తర్వాత రెండు వారాలు నేను ఒంటి ముక్కు మనిషిని. కుడివైపు ఎవరో సిమెంటు పెట్టి మూసినట్టు ఉండేది. దిళ్లు నాలుగు పేర్చుకుని కూర్చునే కునుకు తీసేదాన్ని. తిండిలో ఉప్పు తెలిసేది, పులుపు తెలిసేది, అంతే. ఏం తిన్నా అదే. ఒకరోజు అక్కని అడిగాను, “నీకు ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?”

“ఎలా?”

“తింటుంటే ఏమీ లేనట్టు.”

అది కాస్త ఆలోచించింది. “ఏమో, ఏమీ లేకపోవడం ఎలా ఉంటుందో నాకెలా తెలుస్తుంది? నాకు కరకరలాడేవి ఇష్టం.”

ఇన్నేళ్లు ఒకే కంచం దగ్గర పెరిగాం. అది ఎందుకు ఎప్పుడూ మాడిన ముక్కలే ఏరుకుని తింటుందో నేను అడగలేదు. నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది, కాబట్టి నీళ్లు వేడిగా ఉన్నాయని అక్క మీద అరిచాను.

ఆ నీళ్ల సంబరం రోజూ పొద్దున్నే. నేను సింకు మీదికి తల వాల్చి నోరు తెరిచి నిలబడితే, అక్క చిన్న మూతి పాత్రతో ఒకవైపు నుంచి ఉప్పునీళ్లు పోసేది. అవి రెండోవైపు నుంచి రావాలి. మొదట్లో చెవిలోకి, గొంతులోకి, ఏప్రన్ మీదికి, అన్ని దిక్కులకీ పోయేవి, రావలసిన దిక్కుకి తప్ప. బావ గుమ్మంలో నిలబడి, “కాలవలో పూడిక తీస్తున్నారా? కాంట్రాక్టు ఎవరిది?” అనేవాడు. పదో రోజున కుడివైపు నుంచి సన్నటి ధార వచ్చింది. అక్క పాత్ర కింద పెట్టి చప్పట్లు కొట్టింది. గాలి వచ్చింది. వాసన రాలేదు.

ఈలోగా గెస్ట్ హౌస్ మేనేజరు రెండుసార్లు ఫోన్ చేశాడు. లెక్క వేసుకుంటే, శుక్రవారం తొట్టి పొయ్యకపోతే ఆరు వారాలు మిగలవు. సోమవారం పొద్దున నేను కిందికి దిగేసరికి బల్ల దగ్గర ముక్కుమొహం తెలియని మనిషొకడు కూర్చుని ఉన్నాడు. ముందు చిన్న చిన్న సీసాలు, పెట్టెనిండా. సెంట్ల ఏజెంటు. అక్క పిలిపించింది.

“ఇది ఉద్యానవనం అండీ, ఇది తొలకరి,” అంటున్నాడు. “కిలోకి ఇంత అని కొలిచి పోస్తే చాలు. ఏ తొట్టి అయినా ఒకటే వాసన. ముక్కుతో పనే లేదు.”

పాపం అతనికి తెలియదు. నేను ఆ పెట్టె మూత అతని వేళ్ల మీదే మూసేశాను.

“అక్కా, అమ్మని సీసాలో కొని తెస్తావా?”

“శుక్రవారం లోపల నీకు వాసన వస్తుందా?” అంది అక్క. గొంతు పెంచలేదు.

“రాకపోతే తొట్టి పొయ్యొద్దు.”

“గదుల్లో సబ్బు ఉండొద్దా? ఒకసారి వాళ్లు ఇంకొకళ్లది పెట్టుకుంటే మళ్లీ మన మొహం చూస్తారా? అమ్మ పెట్టిన ఖాతా అది.”

“ఖాతా ఉంటుంది, అమ్మ ఉండదు. ఆ వాసన ఒక్కసారి ఆగిపోయిందంటే ఆగిపోయినట్టే. నీకేం, నీకు ఏ వాసనైనా ఒకటే!”

ఏజెంటు పెట్టె సర్దుకుని మళ్లీ వస్తానంటూ జారుకున్నాడు. అక్క అచ్చుల్లో అంటుకున్న సబ్బు పెచ్చులు గోటితో గీకుతూ కూర్చుంది.

“అవును, ఒకటే,” అంది చివరికి. “అమ్మ పోయినప్పుడు నువ్వు ఆవిడ దిండులో మొహం పెట్టుకుని మూడు రోజులు లేవలేదు. గుర్తుందా? నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు నేనూ పెట్టుకున్నాను. నువ్వంత ఏడుస్తున్నావంటే అందులో ఏదో ఉంటుంది కదా అని. దిండు దిండులాగే ఉంది. నీకు వారం వారం వస్తుంది అమ్మ. నాకు ఎక్కడినుంచి వస్తుందే?”

నేను నిలబడ్డచోటే కూర్చున్నాను. నాకు రావలసిన కోపం రాలేదు. ముక్కు పోయిన రెండు నెలలకే ఇంత గోల చేశానే, ఇది పుట్టినప్పటి నుంచి ఇలా ఉంది. చెప్పాలనుకున్నది ఒకటి, నోట్లోంచి వచ్చింది ఇంకొకటి.

“అమ్మ ఎంతెంత పోసేదో ఎక్కడైనా రాసిపెట్టి పోయినా బాగుండేది.”

“నారింజ ఇరవై రెండు,” అంది అక్క, గీకడం ఆపకుండా.

“ఏమిటి?”

“ఇరవై రెండు తిప్పులు. సీసా వంచి ఉన్నంతసేపు. నిమ్మగడ్డి తొమ్మిది, దేవదారు పదమూడు, లవంగం అయిదు. వానల్లో అయితే లవంగం నాలుగే.”

తెడ్డు తిప్పేవాళ్లు లెక్క పెట్టుకుంటూ తిప్పుతారు. ఎన్ని తిప్పులకి చిక్కబడుతుందో, వాసన నూనె పడ్డాక ఎన్ని తిప్పులకి ఆపాలో, అదంతా లెక్కే. అది నాకు తెలుసు. కానీ ఆ లెక్కలో అమ్మ సీసా కూడా ఉందని నాకు ఎప్పుడూ తట్టలేదు. తెడ్డు వెనక ఒక మనిషి ఉందనే తట్టలేదు.

“మరి నేను పోసేది?”

అక్క తల ఎత్తలేదు. “నీది మారుతూ వచ్చింది. నారింజ పదహారుకి దిగింది. దేవదారు ఇరవై దాటింది.”

“ఎప్పటి నుంచి?”

“రెండేళ్లు పైనే.”

“చెప్పొచ్చు కదా!”

“ముక్కున్నదానివి నువ్వు. అమ్మ ముక్కు. నాకున్నవి ఉత్త అంకెలు. ఏమని చెప్పను?”

శుక్రవారం వాన ఒకటే పోత. కిటికీలు మూసి దీపం పెట్టుకున్నాం. అప్పటికి ఎడమవైపు కూడా చుక్కలు మానేసి నాలుగు రోజులైంది. ఆ వైపు ముక్కు రాయి. అక్క తెడ్డు పట్టుకుంది, నేను సీసా పట్టుకున్నాను. బావ పని లేకపోయినా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తొట్టిలో తెడ్డు జాడ నిలుస్తోందనగా అక్క “ఊఁ” అంది.

నారింజ వంచాను. “ఒకటి, రెండు, మూడు…” అక్క పైకే లెక్క పెడుతోంది. ఇన్నాళ్లూ లోపల లెక్క పెట్టినది. పదహారు దగ్గర నా చెయ్యి తనంతట తానే లేవబోయింది. “ఉండు,” అంది అక్క. నేను ఉన్నాను. పదిహేడు, పద్దెనిమిది. ఇరవై రెండుకి “ఎత్తు” అంది. ఎత్తాను. నిమ్మగడ్డి. దేవదారు పదమూడుకి ఎత్తమంటే నాకు లోటుగా అనిపించింది, అయినా ఎత్తాను. లవంగం నాలుగు. సీసా మూత పెట్టి వెనక్కి జరిగి నిలబడ్డాను. నా తొట్టి ఎలా ఉందో నాకు తెలియదని జీవితంలో మొదటిసారి ఒప్పుకున్నాను.

“బావా, ఎలా ఉంది?” అని అడిగాను.

బావ గాలి పీల్చి, ఏదో అనబోయి మానేశాడు. “నన్నడక్కు. నాకు అన్నీ సబ్బు వాసనే,” అని బయటికి వెళ్లాడు. వానలో గొడుగు లేకుండా ఎందుకు వెళ్లాడో అప్పుడు నాకు అర్థం కాలేదు.

సబ్బు గట్టిపడింది. మర్నాడు తీగతో కోశాం. ఆరబెట్టే గదిలో చెక్కల మీద వరసగా పేర్చాం. నేను రోజూ ఆ గదికి వెళ్లి ఒక ముక్క తీసి ముక్కుకి ఆనించేదాన్ని. చల్లగా, నున్నగా ఉండేది. అంతే. అక్క గుమ్మంలోంచి చూసి ఏమీ అడక్కుండా వెళ్లిపోయేది. రెండోవైపు కూడా గాలి ఆడడం మొదలైంది. నోరు మూసుకుని నిద్రపోయాను. అయినా చాలామందిలో నేను లేనేమోనని భయంగానే ఉండేది. అమ్మ కోసం ఆవిడ పోయినప్పుడు కూడా అంత తపించలేదు. అప్పుడు దిండు ఉంది, తొట్టి ఉంది, వారం వారం ఆ నాలుగు నిమిషాలు ఉన్నాయి. ఇప్పుడు నిజంగా లేదు.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం బావ సరుకు ఇచ్చి వచ్చి, రెయిన్‌కోటు విప్పి నా పక్క కుర్చీ మీద పడేశాడు. నేను సబ్బులు చుట్టే కాగితాలు కత్తిరిస్తున్నాను. ఏదో కంపు. తడి కుక్క, పాత రబ్బరు, చెమట అన్నీ కలిసిన కంపు. “ఛీ, తీసెయ్ బావా దాన్ని!” అన్నాను. అనేసి, కత్తెర వదిలేసి, ఆ కోటు రెండు చేతులతో ఎత్తి మొహానికి అదుముకున్నాను. బావ బిత్తరపోయి చూశాడు. “ముక్కుగారూ, ఒంట్లో బాగుందా?” అన్నాడు. నేను అప్పటికే ఆరబెట్టే గదివైపు పరిగెడుతున్నాను.

గది తలుపు వేసేసుకున్నాను. ముందు ఎడమవైపు అరలోంచి చలికాలంలో నేను పోసిన తొట్టి ముక్క తీశాను. అది అమ్మే అని నేను ప్రమాణం చేసి ఉండేదాన్ని. ఇప్పుడు చూస్తే చెక్క వాసన. కోసిన దేవదారు, దాని వెనకాల కాస్త ఘాటు. బాగానే ఉంది, కానీ అందులో అమ్మ లేదు. నా ముక్కు ఒక్క వానాకాలంలో పోలేదు. అంతకు ముందు రెండేళ్ల నుంచే కొద్దికొద్దిగా మొద్దుబారుతూ వచ్చింది. నాకు తెలియలేదు. వారం వారం అమ్మ వచ్చిందనుకుంటూ, వారం వారం ఆవిడని కాస్త కాస్త పారబోశాను.

తర్వాత కుడివైపు అరలోంచి శుక్రవారం ముక్క తీశాను. వెంటనే పీల్చడానికి ధైర్యం చాలలేదు. గుప్పిట్లో పట్టుకుని కాసేపు నిలబడి, అప్పుడు పీల్చాను.

ఆవిడ వచ్చింది. ముందు నారింజ, దాని లోపల చల్లగా నిమ్మగడ్డి, అడుగున ఎక్కడో వెచ్చగా లవంగం. పీట ఎక్కి నిలబడ్డ నా చెవి పక్కన ఆవిడ ఊపిరి. ఆఖరి నెలల మందుల అమ్మ కాదు, నా పదేళ్లప్పటి అమ్మ. నేను గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాను. గొంతెత్తి ఏడ్చాను. ముక్కు మళ్లీ మూసుకుపోతుందన్న భయం కూడా లేకుండా ఏడ్చాను.

తలుపు తోసుకుని అక్క వచ్చింది. నన్ను చూసి, నా చేతిలో ముక్క చూసి, మెల్లగా నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

“వచ్చిందా?”

తల ఊపాను.

“అదేనా?”

“అదే అక్కా. నాది కాదు. ఆవిడదే. నువ్వు చెప్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా.”

అది నా చేతిలోంచి ఆ ముక్క తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. దాని అంచు మీద బొటనవేలు రాసింది. అప్పుడు అడిగింది, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగనిది.

“ఎలా ఉంటుందే?”

“నారింజ ముందు వస్తుంది. దాని వెనకాల…”

“సీసాలు నాకు తెలుసు. అమ్మ ఎలా ఉంటుంది?”

నోరు తెరిచాను. ఆ వాసన గురించి పుట్టినప్పటి నుంచి మాట్లాడినదాన్ని, వచ్చిన ఖాతాదారుడికల్లా దాన్ని వర్ణించి చెప్పినదాన్ని. ఎదురుగా అక్క ఎదురుచూస్తోంది. నాకు తెలిసిన మాటల్లో ఒక్కటీ అక్క దగ్గర పనికిరాదు.

“మనకి తల తడిసినప్పుడు,” అన్నాను చివరికి, “తువ్వాలు నెత్తి మీద వేసి గట్టిగా తుడిచేది చూడు. మెడ నొప్పెట్టేది.”

“ఊఁ.”

“తువ్వాలు లోపల చీకటిగా ఉండేది. బయట ఏం వినపడేది కాదు. చెవుల మీద ఆవిడ చేతులు మాత్రం తెలిసేవి. ఇంకాసేపు తుడిస్తే బాగుండు అనిపించేది. అలా ఉంటుంది.”

అక్క కళ్లు మూసుకుంది. తనకి ఏమీ చెప్పని ఆ సబ్బుముక్కని ముక్కుకి ఆనించుకుని, గుండెల నిండా పీల్చింది.

“ఇంకా చెప్పు,” అంది.